ఎవరి కంచం వాళ్ళే

"ఎవరి కంచం వాళ్ళే కడుక్కోవాలి. ఒకరి ఎంగిలి ఇంకొకరు ఎత్తకూడదు." ఊరూరా ఈ మాట చెబుతూ, దొరల ప్రభుత్వాన్ని ముప్పుతిప్పలు పెడుతున్న 'మాస్టారు' ఆ మధ్యాహ్నం అక్క ఇంట్లో, బావ పక్కన భోంచేస్తున్నాడు. గడ్డం తీసేశాడు. సాయంత్రానికి రేవు చేరాలి. ఆయన లేనిదే కూలీల సమ్మె లేదు.

తలుపు దబదబలాడింది. అక్క తీసింది. ఇన్‌స్పెక్టర్!

"లోపలున్న ఇద్దరిలో ఒకడు నీ తమ్ముడేగా?"

"ఒకరు మా ఆయన. ఇంకొకరు ఆయన స్నేహితుడు."

ఇన్‌స్పెక్టర్ గొంతు తగ్గించాడు. "ముఖాలు నాకు తెలీవనేగా నీ ధైర్యం? తిననీ అమ్మా. నీ తమ్ముడు ఎక్కడ తిన్నా తన కంచం తనే కడుగుతాడట. ఎవడు కడిగితే వాడికే బేడీలు."

గుమ్మంలోనే కుర్చీ వేసుకున్నాడు.

అక్క లోపలికి చూసింది. గుమ్మానికి దగ్గరున్న మొగుడు విన్నాడేమో గానీ, తమ్ముడి చెవి లాఠీదెబ్బకి ఎప్పుడో పోయింది. అప్పుడే కంచం అంచు పట్టుకున్నాడు. పరిగెత్తి గరిటెడు అన్నం పడేసింది.

"ఇంకాస్త తినండి!"

ఖాకీ బట్టలు చూశాడు గనక ఈ కొత్త మర్యాద ఎందుకో తమ్ముడికి తెలిసింది. అన్నం పారేయకూడదన్నది ఆయన రెండో నియమం. తిన్నాడు. మళ్ళీ వడ్డించింది. మళ్ళీ తిన్నాడు. ఈసారి గిన్నె గీకితే మాడు తప్ప ఏమీ రాలేదు.

ఆయన చెయ్యి మళ్ళీ అంచు మీదికి పోయింది.

అంతలో బావ లేచాడు. పెళ్ళయిన నాటి నుంచీ కంచంలోనే చెయ్యి కడిగి వెళ్ళిపోయే మనిషి, "కంచాలు తోమితే స్వరాజ్యం వస్తుందిటోయ్?" అని బావమరిదిని ఏడిపించే మనిషి, తన కంచం పట్టుకుని తిన్నగా కుళాయి దగ్గరికి నడిచాడు.

"దొరికావు మాస్టారూ!" ఇన్‌స్పెక్టర్ ఒక్క గెంతు గెంతి బేడీలు తగిలించాడు.

తమ్ముడు సగం లేచాడు. బావ కళ్ళురిమాడు. "కూర్చోండి బావగారూ! నాకోసం భోజనం పాడుచేసుకోకండి." తర్వాత పెళ్ళాం వైపు తిరిగి, "వెళ్ళొస్తానక్కా! ఈ కంచం బోర్లించు" అన్నాడు.

ఆమె కంచం అందుకుని చూసింది. అంచంతా జిడ్డు, అడుగున మెతుకులు. జన్మలో కంచం కడగనివాడి పనితనం! ఇన్‌స్పెక్టర్ చూపు ఇటు తిరుగుతోంది. గభాలున కొంగు కప్పేసింది.

బండి కదిలింది.

"నేనే వెళ్ళి లొంగిపోతానక్కా!"

"స్టేషన్లో నిన్నెరిగినవాడెవడైనా ఆయన్ని చూడగానే, నువ్వు కాదని వాళ్ళే వదిలేస్తారు. నాలుగు తగిలిస్తారేమో, మీ బావ వీపు గట్టిదేలే. నువ్వు రేవుకి నడు!"

ఆయన అలవాటుగా కంచం ఎత్తబోయాడు.

"ముట్టుకున్నావంటే చేతులు విరగ్గొడతా! పో!"

మాస్టారు ఎంగిలి కంచం వదిలేసి పెరటిదారిన పరిగెత్తాడు.