ప్లాస్టరు మీది పిలుపు

నేను ఒక మత్తు మిషనును. ఆపరేషను థియేటర్లో రోగి తల దగ్గర నిలబడి, ఊపిరిలో మత్తు ఆవిరి కలిపి ఇవ్వడం నా ఉద్యోగం. పుట్టింది ఏదో కర్మాగారంలో, చాకిరీ చేసింది విజయనగరం వైపు ఒక సర్కారు ఆసుపత్రిలో. కోతకు ముందు నాకూ దండం పెట్టినవాళ్ళు, తెలివొచ్చాక నా వైపు చూసిన పాపాన పోలేదు. అరటిపళ్ళు మాత్రం డాక్టర్లకు వచ్చేవి.

నన్ను నడిపిన ముగ్గురు మత్తు డాక్టర్లలో చివరి మనిషి వకుళగారు. ఆవిడ విద్యార్థులకు చెబుతుంటే విని నా పనేమిటో నాకే తెలిసింది. మెదడులో కణాలు రసాయనాలతో మాట్లాడుకుంటాయట. గాబా అనేది ఊరుకోబెడుతుంది, ఒరెక్సిన్ లాంటివి లేపి కూర్చోబెడతాయి. నా ఆవిరి గాబాకు బలమిచ్చి, లేపేవాటిని అణిచిపెడుతుంది. ఆవిరి ఆపితే అవి మళ్ళీ పుంజుకుంటాయి. అప్పుడు ఇంట్లో పిలిచే పిలుపు చెవిన పడితే మనిషి తొందరగా తేరుకుంటాడని ఆవిడ నమ్మకం. అందుకే ఆ పిలుపును ముందే అడిగి, తెల్ల ప్లాస్టరు ముక్క మీద రాసి నా నుదుట అంటించేవారు. రోగి పలకగానే పీకేసేవారు.

ఓ మధ్యాహ్నం, జనపనార మిల్లు మెట్ల మీంచి జారి తల పగిలిన పైడితల్లిని తెచ్చారు. ఒంటి మీద తెలివి లేదు. ఇంట్లో ఏమని పిలుస్తావని ఆమె భర్త దాలయ్యను అడిగారు వకుళగారు. అతను సిగ్గుపడి నేల చూశాడు.

"ఇరవయ్యేళ్ళయ్యిందమ్మా, ఎప్పుడూ పేరెట్టి పిలవనేదు. ఇదిగో అంటే సాలు, పలికీది."

ఆవిడ నవ్వలేదు. 'ఇదిగో' అనే రాసి అంటించారు.

గడ్డకట్టిన రక్తం తీశారు. నా ఆవిరి ఆపారు. నా మత్తు ఆమెలో రవ్వంత కూడా మిగల్లేదని ఒట్టేసి చెబుతాను, నన్నెవరడిగారు గనక. వకుళగారు ఎన్నిసార్లు పిలిచినా పైడితల్లి పలకలేదు. చివరికి దాలయ్యకు ఆకుపచ్చ గౌను తొడిగి లోపలికి తీసుకొచ్చారు.

"ఇదిగో," అన్నాడు. "ఇదిగో, నానొచ్చినాను."

గాజులు తీసేసిన ఆ చెయ్యి కదల్లేదు. లేపే రసాయనాలు పంపే కణాలే దెబ్బకు చచ్చిపోయాయని వకుళగారు మెల్లగా చెప్పారు. అతనికెంత అర్థమైందో తెలియదు. మా అందరినీ ఒకసారి చూసి, ఆమె మీదికి వంగాడు.

"పైడితల్లీ."

మర్నాడు ఆమె పోయింది. వేలమందిని నిద్రపుచ్చి లేపానన్న నా గర్వమూ ఆ రోజే పోయింది. లేపేది నేను కాదని తెలిసి ఏడుపొచ్చింది. ఇప్పుడు ఆసుపత్రి వెనక పాతసామాన్ల షెడ్డులో తుప్పు పడుతున్నాను. ఆ ప్లాస్టరును పీకడానికి వకుళగారికి చేతులు రాలేదు, ఇంకా నా నుదుటనే ఉంది.

ఇరవయ్యేళ్ళు దాచుకున్న ఆ పేరు మేమందరం విన్నాం. వినాల్సిన మనిషి వినలేదు.