ముప్పై రెండో గంటు

పీర్ సాహెబ్ సానరాయి మీద నీళ్లు చిలకరించి ఉలి నూరుతున్నాడు. నూరి, మొనను బొటనవేలి గోరుకు ఆనించి చూశాడు. జారింది. మళ్లీ నూరాడు. మొన గోటికి పట్టుకుంటేనే పదునెక్కినట్టు.

డెబ్బై మూడేళ్ల మనిషి. కుడి భుజం ఎడమ భుజం కంటే అంగుళం కిందికి దిగి ఉంటుంది. యాభై ఏళ్లు రోళ్లకూ తిరగళ్లకూ గంట్లు కొట్టిన చెయ్యి అది. ఎగిరొచ్చి తగిలిన రాతి రవ్వలు తోలు కిందే ఉండిపోయి ముంజేతుల నిండా నల్లటి చుక్కలు. మిక్సీలొచ్చి రోళ్లు వాకిట్లో కోళ్లకు నీళ్ల తొట్లయ్యాక, ఆయన సమాధి రాళ్ల మీద పేర్లు చెక్కి బతికాడు. ఆ పనీ మిషన్లకు పోయింది. ఇప్పుడు ఆయన ఉలికి మిగిలింది ఒకే ఒక్క రాయి. నెలకో గురువారం దాని దగ్గరికి పోయొస్తాడు.

"ఈ పొద్దు కూడా పోవాల్నా?" అంది భార్య షాజాదీ బేగం, టిఫిన్ గిన్నెలో సంగటి ముద్ద పెట్టి మీద నెత్తళ్ల పులుసు పోస్తూ. "రేపు ఎట్టాగూ ఎత్తుకపోతారంట గదా దాన్ని. పీడ వదిలిద్ది."

"పోయేదాన్ని మర్యాదగా సాగనంపాల గదమే."

ఆమె మూత బిగించి గిన్నె చేతికిచ్చింది కానీ వెంటనే వదల్లేదు. "పూర్తిగా మాత్రం కొట్టబాక."

"నలభై ఏళ్ల నుంచి ఇదే మాట చెప్తా ఉండావు."

"నలభై ఏళ్ల నుంచి బతికుండావు గదా మరి."

ఆయన నవ్వి, సంచీ భుజాన వేసుకుని కాలువ గట్టు ఎక్కాడు.

వేసవి కదా, కాలువకు నీళ్లు వదల్లేదు. అడుగున ఒండ్రు ఎండి పెంకులు పెంకులుగా లేచి ఉంది. మైళ్ల అవతలి సముద్రం గాలి మీద ఉప్పుగా తగులుతోంది. కాలువ నిలువెత్తు నుంచి కిందికి దూకే చోట నీళ్లమర ఉంది. ఉందనడం కంటే ఉండేదనడం నిజం. తెల్లదొరల కాలంలో కట్టారట. నీళ్లు చక్రాన్ని తోస్తే చక్రం రాయిని తిప్పేది. పది ఊళ్ల నుంచి రాగులూ బియ్యమూ బండ్లకెత్తుకొచ్చి, వంతు కోసం రెండేసి రోజులు గట్టు మీదే వండుకు తినేవాళ్లు. కరెంటు మర వచ్చాక బండ్లు ఒక్కొక్కటే తగ్గాయి. కొయ్య చక్రం కుళ్లి రాలిపోయింది. కప్పును తుఫాను తీసుకుపోయింది. పై రాయిని ఎవరో పగలగొట్టి ఇంటి పునాదిలో వేసుకున్నారు. రెండు ఇటుక కమానులు, తుప్పు పట్టిన ఇరుసు, కింది రాయి మిగిలాయి.

ఆ రాయికి ముప్పై రెండు గంట్లు. మధ్యనున్న కంటి నుంచి అంచు దాకా, ఎండపొడల్లా సాగే చాళ్లు. వాటిని కొట్టేవాళ్లకు ఒక కట్టుబాటు ఉంది. ముప్పై ఒకటి నిండుగా కొట్టాలి, ముప్పై రెండోదాన్ని సగంలో ఆపాలి. పని మిగిలుంటేనే మనిషి మిగిలుంటాడని. మర యజమాని కామాక్షయ్య ఓ రోజు, "కూలి నిండుగా తీసుకుంటావు, పని సగంలో ఆపుతావా సాయిబూ?" అని నలుగురి ముందూ ఎగతాళి చేస్తే, పీర్ సాహెబ్ తండ్రి రోషపడి ఆ చివరి గంటు పూర్తి చేశాడు. పొద్దు గూకేలోపు తూము పక్కన కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. తెల్లారి చూస్తే, ఆ రాత్రి మర తిరగనే లేదు, రాయి మాత్రం అద్దంలా అరిగి ఉంది.

అప్పటి నుంచీ దానికి పీర్ సాహెబే గంట్లు కొడుతున్నాడు. మర మూతపడ్డాకా ఆపలేదు. ఆపలేకపోయాడనాలి. ఎందుకంటే పై రాయి లేకపోయినా, చుక్క నీళ్లు లేకపోయినా, వచ్చిన ప్రతిసారీ గంట్లు సగానికి అరిగి ఉండేవి. కంటి చుట్టూ తెల్లగా పొడి. "ఉప్పుగాలి తినేస్తా ఉండాదిలే," అనేవాడు కాలువకు నీళ్లు వదిలే లస్కరు. ఒకసారి పీర్ సాహెబ్ ఆ పొడిని నాలుక మీద వేసుకున్నాడు. ఉప్పు కాదు. కొత్త బియ్యప్పిండి. ఆ సంగతి భార్యకు కూడా చెప్పలేదు. నున్నగా వదిలేస్తే ఏమవుతుందో ఆయనకు తెలియదు, తెలుసుకోవాలనీ లేదు.

మధ్యాహ్నానికి ముప్పై ఒకటీ అయ్యాయి. ముప్పై రెండోదాన్ని సగంలో ఆపి ఉలీ సుత్తీ రాయి మీద పెట్టేసరికి, గట్టు మీద మోటారు సైకిల్ ఆగింది. మైపాడులో కొత్తగా కట్టిన రిసార్టు మేనేజరు జయకుమార్. ఆ రాయిని సముద్రం ఎదురుగా బల్లలా వేయించాలని ముచ్చటపడుతున్నది అతనే.

"ఏం తాతా, రాయికి షేవింగ్ అయిందా?"

"నీ గడ్డం కంటే నున్నగానే ఉండాది పో."

జయకుమార్ నవ్వుతూ వంగి, వేలితో ఒక్కొక్కటే లెక్కపెట్టాడు. "ఇదేంది, ఇది సగంలో నిలిపేసినావే? ఫొటోలో ఎబ్బెట్టుగా ఉంటది. లాగించెయ్ తాతా."

పీర్ సాహెబ్ కట్టు గురించి చెప్పాడు. తండ్రి గురించీ చెప్పాడు.

"మా సండే స్కూల్లో కూడా ఇట్టాంటి కథ చెప్పలా!" అంటూ జయకుమార్ చొక్కా చేతులు పైకి మడుచుకుని ఉలీ సుత్తీ అందుకున్నాడు. "నాలుగు దెబ్బలేగా. నేనే కొడతా."

"వద్దబ్బయా."

"నాకేం కాదులే తాతా. నీ పేరు చెప్పుకుని కొడతా." మొన గంటులో ఆనించాడు. సుత్తి లేపాడు.

"నీకు పిల్లలుండారా?" అన్నాడు పీర్ సాహెబ్.

సుత్తి ఆగింది. "పాప. ఏంజెలిన్. నలభై రోజులు." సుత్తి కింద పెట్టి ఫోను తీసి చూపించాడు. తెల్లటి గుడ్డలో ఎర్రటి పిడికిలి, అందులోంచి బయటికొచ్చిన ఒక్క వేలు.

పీర్ సాహెబ్ ఆ వేలిని చాలాసేపు చూశాడు. "బలే సన్నంగా ఉండాదే," అన్నాడు.

"వాళ్లమ్మ పోలిక." ఫోను జేబులో వేసుకుని జయకుమార్ మళ్లీ సుత్తి కోసం వంగాడు.

అప్పటికే అది పీర్ సాహెబ్ చేతిలో ఉంది. "ఆ ఉలి కూడా ఇటియ్యి. పనికిమాలిన దెబ్బేసి రాయి పాడు చేస్తావు."

పన్నెండు దెబ్బలు వేశాడు. పదకొండూ ఎప్పటిలాగే ఇనుమూ రాయీ మాట్లాడుకున్నట్టు మోగాయి. పన్నెండోది లోపల ఎక్కడో గడియ తీసిన చప్పుడు చేసింది. జయకుమార్ వెనక్కి తిరిగి చూశాడు. వెనక ఎవరూ లేరు.

"రా తాతా, బండి మీద దింపుతా."

"నువ్వు పో. బిడ్డ దగ్గరికి పో. యాడా ఆగబాక."

మోటారు సైకిల్ చప్పుడు దూరమయ్యాక ఆయన ఉలిని రాయి మధ్యన పెట్టి, టిఫిన్ గిన్నె ఒళ్లో పెట్టుకుని కమానుకు ఆనుకున్నాడు. ఎండిన కాలువ పైనుంచి నీళ్లొస్తున్న చప్పుడు వినిపించింది. మొదట తడి గుడ్డ ఈడ్చినట్టు, తర్వాత బండెడు ధాన్యం గుమ్మరించినట్టు. ఆయన కాలువ వైపు తల తిప్పలేదు. కాళ్ల మీద పడుతున్న ఎండలో చక్రం పలక నీడ ఒకటి దాటిపోయింది. వెనకే ఇంకొకటి. చక్రం పోయి ఎన్నేళ్లో! వరసగా, తొందర లేకుండా, నీడలు ఆయన పాదాలు దాటుతున్నాయి. చేతి అలవాటు నోటికీ ఉంది కదా, లెక్కపెట్టాడు. ముప్పై ఒకటి దాకా పెట్టాడు.

సందెవేళ కొడుకు జాకీర్ వెతుక్కుంటూ వచ్చేసరికి, ఆయన కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయి ఉన్నాడు, గిన్నె మూత తియ్యకుండా ఒళ్లోనే ఉంది. కనుబొమలూ గడ్డమూ తెల్లగా. రాతి దుమ్మనుకున్నారు. కడిగేటప్పుడు నీళ్లు తగిలి అది గంజిలా జిగురు కట్టింది. షాజాదీ బేగం ఆయన రెండు చేతులూ తిప్పి చూసింది. "పూర్తి చేసినాడు," అంది.

తెల్లారి జయకుమార్ క్రేను తీసుకొచ్చాడు. డ్రైవరు దిగి రాయి చుట్టూ ఒకసారి తిరిగాడు. "చెక్కిన రాయన్నారు గదా సార్? ఏదీ?"

ముప్పై రెంటిలో ఒక్కటీ లేదు. రాయి నున్నగా, ఆకాశం కనిపించేంత నున్నగా ఉంది. జయకుమార్ చెయ్యి ముందుకు చాచి, మళ్లీ జేబులో పెట్టేసుకున్నాడు. క్రేనును వెనక్కి పంపేశాడు.

రాయి మధ్యన సాయిబు ఉలి ఒక్కటే ఉంది. నిన్న పొద్దున నూరిన దాని మొన, చంటిబిడ్డ వేలికొసలా గుండ్రంగా అరిగిపోయి ఉంది.