టిక్కు పిన్ని పంతం

టిక్కుమంది. వంటింటి గోడకు అతికించిన చిన్న బోర్డు మీద ఎర్ర దీపం వెలిగింది, ఆరింది, మళ్ళీ వెలిగింది. టిక్కు పిన్ని స్టవ్ తుడుస్తూ దాని వంక చూసి, "నొక్కండి, నొక్కండి. వేలరిగేదాకా నొక్కండి" అని గొణుక్కుని, గుడ్డ పిండి మళ్ళీ తుడవడం మొదలుపెట్టింది.

పక్కగదిలో మంచం మీద ఆమె మొగుడు, రిటైరైన మిల్లు మేస్త్రి, కుడిచేత్తో మీట పట్టుకుని నొక్కుతున్నాడు. పక్షవాతం వచ్చి ఎడమపక్క పడిపోయిందే గానీ నోటికేమీ కాలేదు. నోరు భేషుగ్గా ఉంది. అయినా పెళ్ళాన్ని నోరారా పిలిచిన పాపాన పోలేదు. కాళ్ళూ చేతులూ బాగున్న రోజుల్లో చప్పట్లు కొట్టేవాడు, లేకపోతే కంచం మీద చెంచాతో వాయించేవాడు. మిల్లులో అంతమంది కూలీలను పేరుపేరునా పిలిచే మనిషి, ఇంట్లో ఉన్న ఒక్క ఆడమనిషికీ పేరుందన్న సంగతే ఎరగనట్టుండేవాడు.

ఆ మీట నొక్కితే వంటింట్లో మోగే గంట చేసిపెట్టింది కూడా ఈవిడే, ఖర్మ! సరదాకి ఇంట్లో కూర్చుని చిన్న చిన్న యంత్రాలు చేసుకునేవాళ్ళకు సామాన్లమ్మే దుకాణంలో ఆమె పని. వచ్చిన రిలే మాడ్యూళ్ళను ఒక్కొక్కటే పరీక్షించి కవర్లో వెయ్యాలి. అగ్గిపెట్టెలో సగం ఉండే నీలం పెట్టె అది. ఒకవైపు చిన్న కరెంటు ఇస్తే లోపలి రేకు టిక్కున అతుక్కుని, రెండోవైపు పెద్ద కరెంటును వదులుతుంది. దాంతో ఒకాయన మొక్కలకు నీళ్ళ మోటారు నడుపుకుంటాడు, ఇంకొకాయన చేపలతొట్టెలో దీపం వెలిగించుకుంటాడు. పొద్దస్తమానం వాటిని టిక్కుమనిపిస్తూ కూర్చుంటుంది కాబట్టి దుకాణంలో అందరికీ ఆమె టిక్కు పిన్ని.

మేస్త్రి మంచాన పడ్డాక, దుకాణం యజమానురాలిని అడిగి ప్రోగ్రాము రాసిపెడితే దాని ప్రకారం నడిచే మైక్రోకంట్రోలర్ బోర్డూ, ఒక రిలేనూ తెచ్చుకుని, ఫోన్లో వీడియోలు చూస్తూ కుస్తీపట్టి గంట తయారుచేసింది. మొదటిరోజు అది తిరగబడింది. మీట వదిలితే మోగింది, నొక్కితే ఆగింది. ఆ రకం రిలేలకు ప్రోగ్రాములో అంతా తలకిందులుగా రాయాలట, ఈమెకేం తెలుసు? మేస్త్రి పగలబడి నవ్వి, "అచ్చం నీ బుర్రలాగే ఉంది" అన్నాడు. సరిచేసింది. అప్పట్నుంచీ ఆ గంట ఆమె ప్రాణాలు తోడేసింది. దుప్పటి జరిగితే గంట, ఈగ వాలితే గంట, గంట మోగుతోందో లేదో చూడ్డానికి మళ్ళీ గంట.

అదీ ఓర్చుకుంది. నిన్న యజమానురాలు మేస్త్రిని పలకరించడానికి వచ్చి, పనిలో పనిగా ఒక అట్టపెట్టెడు రిలేలు కూడా తెచ్చిచ్చింది. ముగ్గురూ ఒకే గదిలో ఉన్నారు. టిక్కు పిన్ని మంచం పక్కనే, చెయ్యి చాస్తే అందేంత దగ్గర్లో కూర్చుంది. మేస్త్రి ఆమె మొహంలోకి చూస్తూనే మీట నొక్కాడు. వంటింట్లో గంట మోగింది. ఆమె అలవాటుకొద్దీ దిగ్గున లేచి నిలబడింది.

"చూశారా?" అన్నాడు వచ్చినావిడతో. "కుక్కకైనా ఇంత బాగా నేర్పలేం."

యజమానురాలు తల దించుకుంది. టిక్కు పిన్నికి అరికాలి మంట నెత్తికెక్కింది. అయినా నీళ్ళు తెచ్చిచ్చింది. ఇవాళ తెల్లారి లేస్తూనే స్క్రూడ్రైవర్ పట్టుకుని, రిలే నుంచి గంటకు వెళ్ళే తీగ ఊడదీసింది. అటువైపు ఏమీ తగిలించకపోయినా రిలే తన మానాన తను టిక్కుమంటుంది, దీపం వెలిగిస్తుంది. అంటే ఆయన నొక్కిన ప్రతిసారీ ఈమెకు తెలుస్తుంది, గంట మాత్రం మోగదు. అంతటితో ఊరుకుందా? మంచం పక్క స్టీలు గ్లాసు తీసేసి ప్లాస్టిక్ గ్లాసు పెట్టింది. చెంచా దాచేసింది. చప్పుడు చెయ్యడానికి ఇక ఆయన దగ్గర నోరొక్కటే మిగలాలి.

పొద్దున తిండి పెట్టడానికి వెళ్తే మీట ఎత్తి చూపించాడు.

"మోగట్లేదు. బాగుచెయ్యి."

"తీరికైనప్పుడు చేస్తాలెండి."

"ఈలోగా అవసరమైతే?"

"నోరుందిగా! పేరు పెట్టి పిలవండి, వస్తా."

ఆయన ఆమెను ఎగాదిగా చూసి, మూతి బిగించి గోడవైపు తిరిగాడు. అబ్బో, ఎంతసేపుంటుందో చూస్తా ఆ బింకం, అనుకుంది ఆమె.

వంటింటి బల్ల మీద రిలేలు పరుచుకుని పనిలో కూర్చుంది. బల్ల మీది రిలే టిక్కుమంటే కవర్లో వేస్తోంది, గోడ మీది రిలే టిక్కుమంటే నవ్వుకుంటోంది. పంచదార కోసం వచ్చిన పక్కింటి వదిన ఆ దీపం చూసింది.

"అన్నయ్యగారు నొక్కుతున్నట్టున్నారు. వెళ్ళవేం?"

"పిలిస్తే వెళ్తా."

"పాపం, ఏ అవసరమో ఏమో!"

"నీళ్ళు పక్కనే ఉన్నాయి, ఫ్యాన్ తిరుగుతోంది, ఇప్పుడే ఒత్తిగిల్లబెట్టి వచ్చా. అవసరం కాదు వదినా, అధికారం! కాపురానికొచ్చిన కాణ్నుంచీ పరిగెత్తుతూనే ఉన్నా. ఇవాళ ఆయన పిలవాలి, నేను వినాలి. విన్నా వెంటనే పలకను, ఇంకోసారి పిలిపించుకుంటా."

వదిన బుగ్గలు నొక్కుకుని, పంచదార తీసుకుని వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం భోజనం చేశాక మేస్త్రి ఓ కునుకు తీశాడు. తర్వాత గోడ మీద దీపం మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి తీరు వేరు. ఎప్పుడూ దర్జాగా, ఆగి ఆగి నొక్కేవాడు, ఇప్పుడు తెరిపి లేకుండా, పొంతన లేకుండా నొక్కుతున్నాడు. దారికొస్తున్నాడు! టిక్కు పిన్ని చేతిలో రిలే బల్ల మీద పెట్టేసి ఒళ్ళంతా చెవులు చేసుకుంది. లేచి వెళ్ళాలని కాళ్ళు తహతహలాడాయి. "కదిలారో, చంపేస్తా" అని కాళ్ళను తిట్టింది.

దీపం వెలిగి కాసేపు అలాగే ఉండిపోయింది. తర్వాత ఆరిపోయింది. మళ్ళీ వెలగలేదు.

మీట వదిలేశాడు. వదిలేశాడంటే ఇక మిగిలింది నోరే. ఎందుకో తెలియదు గానీ ఆమె జుట్టు సర్దుకుంది. పిలిచాక ఏమనాలో మనసులో ఒకటికి రెండుసార్లు అనుకుంది: "ఏంటండీ, నన్నేనా?"

గదిలోంచి ఏదో మూత ఊడిన చప్పుడొచ్చింది. ఆ తర్వాత ఏమీ రాలేదు.

చూసింది, చూసింది. చివరికి ఒళ్ళు మండిపోయి లేచింది. జాలితో కాదు, మొహమ్మీదే కడిగేద్దామని విసురుగా గదిలోకి వెళ్ళింది.

మీట మంచం కిందకు వేలాడుతోంది. మేస్త్రి తల దిండు మీంచి పక్కకు వాలిపోయింది. కళ్ళు తలుపు వైపే ఉన్నాయి గానీ చూపు లేదు. గుండెల మీద కట్టుడుపళ్ళ డబ్బా తెరిచి ఉంది. కునుకు తీసే ముందు ఆయన పళ్ళు తీసి అందులోని నీళ్ళలో వేసుకునేవాడు. బోసినోటితో డాక్టరుతో కూడా మాట్లాడేవాడు కాదు, అంత నామోషీ. పనిచేసే చెయ్యి ఒక్కటే, మీట వదిలితేనే గానీ పళ్ళు పెట్టుకోలేడు. పై వరుస నోట్లో ఉంది. కింది వరుస పిడికిట్లో ఉంది.

టిక్కు పిన్నికి అంతా అర్థమైంది. పిలవబోయాడు.

"పిలవండి!" అని ఆయన భుజం పట్టుకుని ఊపేసింది. "ఒక్క క్షణం ఆగలేకపోయారా? నోటిదాకా వచ్చింది కదండీ! ఆ పేరేదో అనేసి పోకూడదూ!"

ఏడుపు రాలేదు. కోపమొచ్చింది, ఆయన మీదా, తన మీదా, చెప్పినమాట విని కదలకుండా కూర్చున్న తన కాళ్ళ మీదా. అరుపులు విని పక్కింటి వదిన పరుగెత్తుకొచ్చింది. డాక్టరొచ్చాడు, మనుషులొచ్చారు. ఎవరో ఆయన పిడికిలి విప్పి చెయ్యి సరిచేశారు, నోరు మూసి గడ్డం కింద గుడ్డ కట్టారు. సాయంత్రానికల్లా తీసుకెళ్ళిపోయారు.

ఖాళీ మంచం మీద, నలిగిన దుప్పటి మడతలో, కింది వరుస పళ్ళు బోర్లా పడి ఉన్నాయి, చుట్టూ ఇంకా ఆరని చిన్న తడి మరకతో.