తొందర నవ్వు

ఏదైనా వేళకు జరగకపోతే గడియారాల మాస్టారికి ఒళ్లు మండుతుంది. బస్సు ఆలస్యంగా వచ్చినా మండుతుంది, ముందొచ్చినా మండుతుంది. "గోడ గడియారాన్ని కట్టుకున్నా ఇంతకంటే సుఖపడేదాన్ని, అది గంటకోసారే మోగుతుంది" అని ఆయన భార్య ముప్ఫై ఏళ్లుగా అంటోంది. ఆయనా ముప్ఫై ఏళ్లుగా విననట్టే గడియారాలు బాగుచేసుకుంటూ ఉన్నారు.

ఇంత లెక్క మనిషికీ ఒక బలహీనత ఉంది. 'మెట్ల కింద ఇల్లు' అనే పాత టీవీ సీరియల్ అంటే ఆయనకు ప్రాణం. నాలుగంతస్తుల భవనంలో మెట్ల కింద గదిలో కాపురముండే కుటుంబం కథ అది. పనీపాటా లేని బాబాయి, నోరున్న వదిన, పైనుంచి దిగేవాళ్ల చెప్పుల చప్పుడు. వారం వారం ప్రేక్షకుల్ని కూర్చోబెట్టి తీసేవారు కాబట్టి అందులో వినిపించే నవ్వులన్నీ నిజమైన మనుషులవే. మాస్టారు ప్రతి భాగాన్నీ ఇంట్లో వీడియో క్యాసెట్ల మీద రికార్డు చేశారు. తర్వాత అభిమానుల సంఘం పెట్టారు. ఆదివారం ఉదయాలు గ్రంథాలయం వెనక గదిలో పాతికమంది చేరి, ఏ భాగంలో బాబాయి చొక్కాకు గుండీ ఊడిందో కొట్టుకుచచ్చేంతగా వాదించుకుంటారు.

ఈ మధ్య ఆ సీరియల్ తీసిన కంపెనీ దాన్ని కొత్త మెరుగులు దిద్ది మళ్లీ విడుదల చేసింది. ఇక ఆ ఆదివారం గ్రంథాలయం గదిలో చూడాలి గోల. తెర వెడల్పు చేయడానికి బొమ్మను పైనా కిందా కోసేశారు, పొడుగువాళ్లందరికీ నుదుళ్లు లేవు. పాత సంగీతం తీసేసి ఏదో దడదడ పెట్టారు. పిల్లలు చూస్తారని బాబాయి చేతిలో సిగరెట్టు చెరిపేశారు గానీ పొగ చెరపడం మర్చిపోయారు. చేతిలో ఏమీ లేకుండా ఆ మనిషి అరగంటసేపు నోట్లోంచి పొగ వదులుతూనే ఉన్నాడు.

"నా చిన్నతనాన్ని తీసుకెళ్లి ఉతికి ఆరేశారండీ" అన్నాడు సంఘంలో ఉన్న బ్యాంకు గుమాస్తా. అంతలోనే గొంతు తగ్గించి, "కానీ రంగులు మాత్రం బాగున్నాయి. వదిన చీర పచ్చదని ఇన్నాళ్లకు తెలిసింది" అని నసిగాడు. అందరిదీ అదే వరస. తిట్టారు, తిడుతూనే రెండుసార్లు చూశారు.

కంపెనీకి పంపడానికి మాస్టారు ఉత్తరం రాసి, చేసిన మార్పులన్నీ అంకెలు వేసి చదివి వినిపించారు. మొత్తం ముప్ఫై ఒకటి. గది చప్పట్లతో మారుమోగింది. అప్పుడు వెనక వరసలోంచి ఒకావిడ లేచింది. నాలుగు నెలల క్రితం సంఘంలో చేరిన దర్జీ ఆవిడ. నలభై దాటి ఉంటుంది, ఇంతవరకూ నోరు విప్పింది లేదు.

"మాస్టారూ, ఒకటి మిగిలిపోయింది. అందరికంటే ముందు ఒకావిడ నవ్వుతుంది చూడండి, ఆ నవ్వు తీసేశారు. ఒక్క భాగంలోనూ లేదు."

కొందరు తేలు కుట్టిన దొంగల్లా మాస్టారి వైపు చూశారు. ఆ నవ్వు అక్కడ అందరికీ తెలుసు. దానికి వాళ్లు పెట్టిన పేరు తొందర నవ్వు. బాబాయి ఇంకా జోకు పూర్తి చేయకముందే, జనం నవ్వడానికి అర సెకను ముందు, గలగలమని ఒక ఆడగొంతు. మాస్టారికి అది ఏళ్ల తరబడి పంటి కింద రాయి.

"అది... చూస్తానమ్మా" అన్నారు మాస్టారు.

సమావేశం అయిపోయాక ఆవిడ మెట్ల దగ్గర కాచుకుని ఉంది. "ఆ నవ్వు మా అమ్మది మాస్టారూ" అంది. "స్టూడియోలో బట్టల విభాగంలో పనిచేసేది. ఇస్త్రీలు, గుండీలు కుట్టడం. మధ్యాహ్నం రిహార్సల్ జరుగుతుంటే సూదీ దారం పట్టుకుని పక్కన నిలబడేది. సాయంత్రం వచ్చే జనం కెమెరాలు చూసి బిగుసుకుపోయేవాళ్లంట. ఎవరో ఒకరు మొదలుపెడితే గానీ నవ్వేవాళ్లు కాదు. అందుకని డైరెక్టరు గారు అమ్మని మూడో వరసలో కూర్చోబెట్టేవారు. జోకు ముందే తెలుసు కదా, ఆపుకోలేక తొందరపడేది. ఇంటికొచ్చి 'ఇవాళ కూడా ముందే నవ్వేశానే' అని సిగ్గుపడేది."

మాస్టారు చేతిసంచీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నారు.

"అమ్మ పోయి ఆరేళ్లయింది. ఫొటోలున్నాయి. ఫొటోలో నవ్వు కనిపిస్తుందే గానీ వినిపించదు కదా. గొంతు ఇంకెక్కడా లేదు. కొత్తగా వేస్తున్నారంటే ఎంత సంబరపడ్డానో. మీ దగ్గర పాత క్యాసెట్లు ఉన్నాయంట కదా మాస్టారూ. ఒక్కటి ఇస్తే చాలు, విని ఇచ్చేస్తాను."

"వెతుకుతాను" అని మాస్టారు గబగబా మెట్లు దిగారు. వెతకడానికి ఏమీ లేదని ఆయనకు తెలుసు.

రెండేళ్ల క్రితం ఏం జరిగిందంటే, కంపెనీ దగ్గర పాత టేపులు సగం చెడిపోయాయి. అభిమానుల దగ్గరున్నవి పంపమని ప్రకటన ఇచ్చారు. మాస్టారికి కాళ్లు నేలమీద ఆగలేదు. తన క్యాసెట్లేగాక, సంఘంలో ఎవరి అటక మీద ఏమున్నా దింపించి, దులిపించి, ఒక్కటీ మిగలకుండా పెట్టెల్లో సర్ది పంపారు. వాటితోపాటు నాలుగు పేజీల ఉత్తరం పంపారు. అందులో అడిగింది ఒక్కటే. మహానుభావుల్లారా, మీరు ఇంకేమీ ముట్టుకోకండి, ఆ తొందర నవ్వు మాత్రం తీసేయండి. ఏ భాగంలో, ఎన్నో నిమిషంలో, ఎన్నో సెకనులో వస్తుందో జాబితా రాశారు. కింద నూట పన్నెండు మంది సంతకాలు. సంతకాలకు ఇల్లిల్లూ తిరిగింది కూడా ఆయనే.

కంపెనీ ముప్ఫై ఒక్క విషయాల్లో అభిమానుల మాట వినలేదు. ముప్ఫై రెండో విషయంలో విన్నది. కొత్త సీరియల్ మొదటిసారి చూసిన రోజు, ఆ నవ్వు రావలసిన చోట రాకపోతే, ఆయన ఒంటరిగా సోఫాలో కూర్చుని తొడ చరుచుకున్నారు. ఆ సంతోషం ఇప్పుడు గుర్తొచ్చి ఆయనకు తనమీద తనకే అసహ్యం వేసింది.

మర్నాడు దుకాణం తెరవకుండానే కంపెనీకి ఫోను చేశారు.

"క్యాసెట్లా సార్? బూజు పట్టాయి కదా, కాపీ తీసుకుని పారేశాం" అన్నాడు అవతలి కుర్రాడు మర్యాదగా.

"ఆ కాపీ ఉంటుంది కదా? శుభ్రం చేయకముందుది?"

"లేదు సార్, ఫైనల్ది ఒక్కటే ఉంచుతాం. అన్నట్టు మీ లిస్టు మాకు చాలా ఉపయోగపడింది సార్. సెకన్లతో సహా ఇచ్చారు. వాటితో ఆ గొంతు గుర్తుపట్టి, జనంతో కలిసిపోయిన ఆవిడ నవ్వులు కూడా తీసేశాం. లేకపోతే అన్ని నవ్వులు పట్టుకోవడం మా వల్ల అయ్యేది కాదు."

మాస్టారు ఫోను పెట్టేసి కూర్చున్నారు. బల్లమీద ఎవరిదో చేతిగడియారం విప్పి ఉంది. దాన్ని ముట్టుకోబుద్ధి కాలేదు. నేను చేయలేదు, కంపెనీ చేసింది, అని మనసుకు చెప్పి చూశారు. మనసు వినలేదు.

మూడు రోజులు ఆయనకు అన్నం సయించలేదు. నాలుగో రోజు మధ్యాహ్నం దుకాణంలో పాత స్ప్రింగుల సొరుగు వెతుకుతుంటే అడుగున ఒక ఆడియో క్యాసెట్ దొరికింది. పైన ఆయన గుండ్రటి చేతిరాతతో 'తప్పులు' అని ఉంది.

కంపెనీవాళ్లు జాబితా నమ్మరేమోనని అప్పట్లో టీవీ ముందు టేపురికార్డరు పెట్టి, తొందర నవ్వులన్నీ ఒకదాని తర్వాత ఒకటి ఎక్కించారు. సాక్ష్యం అన్నమాట. చివరికి పంపడం మర్చిపోయారు. ఆ మరుపు ఒక్కటే ఆయన చేసిన మంచిపని.

ఇంటికి తెచ్చి పెట్టి విన్నారు. ముందు ఆయన గొంతే వచ్చింది. "ఒకటో తప్పు. మూడో భాగం, పన్నెండో నిమిషం. అర సెకను ముందు." తర్వాత నవ్వు. గలగలమని, దాపరికం లేని నవ్వు. "రెండో తప్పు. ఇదిగో, మళ్లీ తగలడింది." నవ్వు. "ఏడో తప్పు. ఈ మహాతల్లి నోటికి తాళం వేసేవాళ్లే లేరా?" నవ్వు. ఆయన ఏమన్నా సరే, ఆ తర్వాత ఆవిడ నవ్వుతూనే ఉంది. పదకొండు నిమిషాలు. నలభై మూడు నవ్వులు.

ఇది ఇలాగే ఇవ్వడం ఎలా? మాస్టారు దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించి, తన మాటలు కత్తిరించడం మొదలుపెట్టారు. మాటలు పోతే చాలు, 'పాత సామాన్లలో దొరికిందమ్మా' అని చెప్పి చేతిలో పెట్టొచ్చు. ఆవిడ చేతులెత్తి దణ్ణం పెడుతుంది కూడా. అయితే ఒక చిక్కు వచ్చింది. నవ్వే ముందు ఆవిడ ఒక గుక్క ఊపిరి లోపలికి పీల్చుకుంటుంది. సరిగ్గా ఆ ఊపిరి మీదే ఆయన చివరి మాట పడి ఉంది. మాట తీస్తే ఊపిరి పోతోంది. ఊపిరి లేని నవ్వు ఎవరో స్విచ్చి వేస్తే మోగినట్టుంది. ఇరవై దాకా కోసి, పర్లేదు, ఈ మాత్రం తేడా ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నారు.

వెనక భార్య ఎంతసేపటి నుంచి నిలబడి ఉందో తెలియదు. ఆమెకు విషయమంతా తెలుసు. ఆ నూట పన్నెండు సంతకాల్లో ఒకటి ఆమెదే, ఆయన పోరు పడలేక పెట్టింది.

"ఏమండీ, మళ్లీ బాగుచేస్తున్నారా?" అంది.

ఆయన చెయ్యి ఆగిపోయింది. ఆమె టీ కప్పు పక్కన పెట్టి వెళ్లిపోయింది. ఆయన కోసినవన్నీ చెరిపేసి, క్యాసెట్నూ టేపురికార్డర్నూ సంచీలో పెట్టుకుని బయల్దేరారు.

దర్జీ ఆవిడ దుకాణం మేడమీద. ఒకటే గది, రెండు మిషన్లు, కిటికీ పక్కన వేలాడుతున్న సగం కుట్టిన జాకెట్లు. మెడలో కొలతల టేపుతో ఆవిడ ఎదురొచ్చింది. "దొరికిందా మాస్టారూ?" అన్న ఆ ముఖం చూడలేక ఆయన టేపురికార్డరు వైపు చూస్తూ మొత్తం చెప్పేశారు. నాలుగు పేజీల ఉత్తరం, సంతకాలు, జాబితా, పారేసిన క్యాసెట్లు, ఒక్కటీ దాచలేదు. "మీ అమ్మగారని తెలియక" అని మొదలుపెట్టి మధ్యలో ఆపేశారు. తెలియకపోతే మాత్రం, ఎవరో ఒకరి అమ్మే కదా.

ఆవిడ టేపురికార్డరు మీట నొక్కింది.

"ఒకటో తప్పు" అంది మాస్టారి గొంతు. ఆవిడ తలెత్తి ఆయన్ను చూసింది. అంతలో నవ్వు వచ్చింది. మిషను చక్రం మీదున్న ఆవిడ చెయ్యి అక్కడే ఉండిపోయింది. నోటికి తాళం మాట వచ్చినప్పుడు మాస్టారు ఖాళీ సంచీని మడత పెట్టడం మొదలుపెట్టారు. కూర్చోమని ఆవిడ అనలేదు, ఆయనా కూర్చోలేదు. పదకొండు నిమిషాలు ఎంత పొడుగో ఆయనకు ఆ రోజు తెలిసింది.

టేపు అయిపోయింది. ఆవిడ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"నలభై మూడేనా?"

"నేను లెక్కపెట్టినవి అంతేనమ్మా. మరీ ముందుగా వచ్చినవి."

"మిగతావి? అందరితో కలిసి, వేళకు నవ్వినవి?"

"అవి పోయాయి" అన్నారు మాస్టారు.

ఆవిడ మెడలోని కొలతల టేపు తీసి వేలికి చుట్టుకుంది.

"కావాలంటే నా మాటలు తీసేయొచ్చు" అన్నారాయన. "కానీ నవ్వే ముందు అమ్మగారు పీల్చిన ఊపిరి కూడా పోతుంది. తీసి చూశాను. మీకు చెప్పకుండా అలాగే తెచ్చిద్దామనుకున్నాను కూడా."

"వద్దు. ఊపిరి ఉండనివ్వండి." ఆవిడ గొంతులో కోపం లేదు, దయా లేదు. "సంఘంలో చెప్పారా?"

"ముందు మీకు చెప్పాలని వచ్చాను. ఆదివారం చెప్తాను. ఆ ఉత్తరంలో ముప్ఫై రెండోది కూడా రాస్తాను, నా పేరుతో."

"చెప్పండి. నేనూ వస్తాను వినడానికి." టేపు వెనక్కి తిప్పుతూ అంది, "ఇకనుంచి మా అమ్మ నవ్వు వినాలంటే ముందు మీ తిట్టు వినాలి మాస్టారూ. ప్రతిసారీ."

ఆయన తల వంచుకున్నారు. టేపురికార్డరు ఆవిడ దగ్గరే వదిలేసి మెట్లు దిగారు. సగం దిగేసరికి పైన మీట నొక్కిన చప్పుడు వినిపించింది. ఆ వెంటనే ఆయన గొంతే, తీరిగ్గా, స్పష్టంగా, ఒకటో తప్పు అంది.