దుర్గాంబ గారికి కబురు

వార్చిన గంజిలో చిటికెడు నీలం కలిపి, భర్త పంచె ముంచి పిండుతోంది లక్ష్మి. చేతులు పంచె మీదున్నా మనసు ఉప్పు మీదుంది. సోడియం తన పైపొరలో ఉన్న ఒకే ఒక్క ఎలక్ట్రాన్‌ను ఇచ్చేస్తుంది, క్లోరిన్ పుచ్చుకుంటుంది. ఆ ఇచ్చిపుచ్చుకోవడమే రెంటినీ విడిపోకుండా పట్టి ఉంచే బంధం. తీరా పేరు పెట్టేటప్పుడు, ఇచ్చిన సోడియం పేరు చెక్కుచెదరకుండా ముందు నిలబడుతుంది. పుచ్చుకున్న క్లోరినే మారి క్లోరైడ్ అవుతుంది. ఇలా చెబితే పిల్లలు మరిచిపోరు అనుకుంది. బాలికల హైస్కూల్లో సైన్సు టీచరు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టింది. పిలిస్తే క్లాసులో ఈ పాఠం చెప్పి చూపించాలి. పిలుపు ఇంకా రాలేదు. "పెట్టుకో, పెట్టుకో. వాళ్ళు పిలిచినప్పటి మాట కదా" అన్నాడు అప్పట్లో భర్త భావనారాయణ.

ఈ ఇంట్లో మాత్రం ఇచ్చిన మనిషి పేరే పోయింది. నందివెలుగులో పుట్టినప్పుడు నాయనమ్మ పేరు పెట్టారు ఆమెకి, దుర్గాంబ అని. బియ్యస్సీ పట్టా మీదా అదే. బాపట్లలో అత్తగారి పేరూ దుర్గాంబే. "పెద్దదాని పేరుతో చిన్నదాన్ని ఎలా పిలుస్తాం? ఇవ్వాళ్టి నుంచి నువ్వు లక్ష్మివమ్మా" అన్నారు, పెళ్ళిపీటల మీంచి లేవకముందే. అప్పట్నుంచి నీళ్ళు తోడిందీ, పప్పు రుబ్బిందీ, ఆడపడుచుకి పురుడు పోసిందీ అంతా లక్ష్మే. దుర్గాంబ ఏమైందని ఎవరూ అడగలేదు.

లోపల నవ్వులు వినిపించాయి. అత్తగారు కొడుక్కి టిఫిన్ పెడుతూ చెబుతోంది.

"నిన్న బడి బంట్రోతు వచ్చాడ్రా. దుర్గాంబ గారంటే మీరేనాండి అన్నాడు. నేనేరా అన్నా. ఇవ్వాళ పదింటికి వచ్చి పాఠం చెప్పాలట నేను! పళ్ళూడిపోయాక పంతులమ్మనేంట్రా సన్నాసీ, పో అని తోలేశా."

భావనారాయణకి పొలమారింది. "వెళ్ళవే అమ్మా, ఆవకాయ పాఠం చెబుదువుగాని!"

లక్ష్మి గంజి చేతులతోనే గుమ్మంలోకి వచ్చింది.

"ఆ దుర్గాంబ నేనండి."

నవ్వు ఆగింది. అత్తగారు నిజంగానే తెల్లబోయింది. కావాలని చేసింది కాదు, ఆ పేరున్న కోడలు ఒకతి ఉందన్నదే ఆవిడకి గుర్తు లేదు. శుభలేఖలో తన పేరు పక్కనే ఆ పేరు అచ్చు వేయించుకున్నవాడికీ గుర్తు రాలేదు. కావాలని చేసి ఉంటే లక్ష్మి ఏడ్చి ఊరుకునేదేమో.

"పోన్లే, అయిందేదో అయింది" అన్నాడు భావనారాయణ.

"అవలేదండి. ఇంకా తొమ్మిదే."

"వెళ్తే వెళ్ళు. ముందు వాళ్ళకి లక్ష్మి అని రాసుకోమని చెప్పు. ఇంట్లో ఒక పేరు, బళ్ళో ఒక పేరు ఏంటి, నలుగురూ నవ్వరూ?"

"నేననేదీ అదే. ఒక్కటే పేరు. ఇంట్లోనూ దుర్గాంబే."

"ఓసి నీ అఘాయిత్యం కూలా!" అత్తగారు బుగ్గలు నొక్కుకుంది. "నా పేరు పెట్టి నిన్నెలా తిడతానే?"

"తిట్టలేరు కదా అత్తయ్యా. అందుకే."

చేతులు కడుక్కుని చీరాల నేతచీర కట్టుకుంది. ఇన్నేళ్ళూ పక్కింటికి వెళ్ళాలన్నా "వెళ్ళిరానా అత్తయ్యా" అని అడిగి, లోపల్నుంచి "ఊ" వినపడేదాకా గడప ఇవతలే నిలబడేది. తల్లీకొడుకులిద్దరూ ఆ మాట కోసమే చూస్తున్నారు. దుర్గాంబ చెప్పులు వేసుకుని, పలక్కుండా గడప దాటింది.