పడటం నేర్పమన్న అత్తగారు

బ్యాంకు కౌంటర్లో కూర్చుని కూర్చుని కోడలికి నడుము పట్టేసింది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. డాక్టరమ్మ మందులేవీ రాయకుండా, "కాస్త ఒళ్లు వంచమ్మా" అని పంపేసింది. వీధి చివర సోఫాలు అమ్మే షాపు కింద, సెల్లారులో, సాయంత్రాలు ఆడవాళ్లకు కిక్‌బాక్సింగ్ నేర్పుతామని బోర్డుంది. చేరాలని ఉంది గానీ ఒక్కతే వెళ్లడానికి మొహమాటం.

"పద, నేనూ వస్తా," అంది అత్తగారు.

ఆవిడ బడి లైబ్రరీలో పనిచేసి రిటైరైంది. కిందటేడు స్నానాలగదిలో కాలు జారి పడ్డప్పటి నుంచి గోడ పట్టుకోకుండా గది దాటేది కాదు. మోకాళ్ల నొప్పులనేది. తోడుగా వచ్చి ఓ మూల కూర్చుంటుందిలే అనుకుంది కోడలు.

"అత్తాకోడళ్లు కొట్టుకోవడానికి ఫీజు కట్టి మరీ వెళ్లాలా? ఇంట్లో కుదరదా?" అన్నాడు కొడుకు. ఇద్దరూ కలిసి ఒక్క చూపు చూసేసరికి పేపర్లో తల దూర్చేశాడు.

సెల్లారంతా రబ్బరు చాపల వాసన. ఒక గోడ నిండా అద్దం. గొలుసులకు వేలాడుతున్న బరువైన సంచులు. పొట్టి జుట్టు కోచ్ అందరినీ వరసగా నిలబెట్టి, ఎడమకాలు ముందుకు, పిడికిళ్లు దవడల దగ్గరికి అని చూపించింది. అత్తగారు కూర్చోలేదు. కోడలి పాత ట్రాక్ ప్యాంటు అంచులు మడుచుకుని చివరి వరసలో నిలబడింది.

కోడలికి అద్దంలో తన పొట్ట తప్ప ఇంకేం కనబడలేదు. పిడికిలి విసిరితే దోమను తోలినట్టుంది. అత్తగారికేమో కుడి అంటే ఎడమ, ఎడమ అంటే కుడి. అయినా కోచ్ చెప్పినట్టు ప్రతి దెబ్బకీ "హా!" అని గొంతెత్తి అరిచింది. పక్కవాళ్లు నవ్వితే తనూ నవ్వింది గానీ అరవడం మానలేదు.

మరుసటి వారం కాలితో తన్నడం మొదలుపెట్టారు. మోకాలు పైకెత్తి, పాదంతో ఎదురుగా నెట్టాలి. అత్తగారు కాలెత్తింది, ఊగింది, చాప మీద కూలబడింది. కోడలికి పై ప్రాణాలు పైనే పోయాయి. పరుగెత్తుకెళ్లి, "చాలు అత్తయ్యా, ఇంటికెళ్దాం పదండి," అంది.

ఆవిడ కదల్లేదు. కోచ్ వైపు తిరిగి, "ముందు నాకు పడటం నేర్పమ్మా," అంది.

"పడటమా?"

"అవును. ఏడాదిగా నాకు నేలంటే భయం. మోకాళ్ల నొప్పులన్నది ఒట్టి వంక. ఇక్కడ మెత్తటి చాపలున్నాయని విని వచ్చాను."

ఇన్నాళ్లూ ఒకే కప్పు కింద ఉంటూ ఆ భయాన్ని ఆవిడ ఎంత గుట్టుగా మోసిందో అప్పుడు కోడలికి అర్థమైంది.

కోచ్ నవ్వలేదు. మిగతావాళ్లను సంచుల దగ్గరికి పంపి ఆవిడ పక్కనే చతికిలబడింది. గడ్డం ఛాతీకి ఆనించాలి, చేతులు నేలకు ఊనకూడదు, ఓ పక్కకి దొర్లాలి. ముందు కూర్చుని పడటం, అది కుదిరాక గొంతుక్కూర్చుని, ఆ తర్వాత నిలబడి. పడ్డ ప్రతిసారీ అత్తగారి మొహం పాలిపోయేది. కోడలు చెయ్యి అందిస్తే మాత్రం, "వద్దమ్మాయ్, లేవడం కూడా నేనే నేర్చుకోవాలిగా," అనేది.

ఆవిణ్ణి చూస్తూ చూస్తూ కోడలు అద్దం సంగతి మర్చిపోయింది. ఓరోజు అత్తగారు దెబ్బలు కాచుకునే మెత్తటి ప్యాడ్ పట్టుకుంటే, చెయ్యి రాక మెల్లగా తాకించింది.

"అదేం దెబ్బ? గట్టిగా కొట్టు!"

"మీరు అత్తయ్యగారు కదండీ!"

"అది గుర్తుపెట్టుకునే కొట్టు, ఇంకా బాగా తగులుతుంది!"

సెల్లారంతా గొల్లుమంది. ఆ నవ్వులోనే కోడలి పిడికిలి ఠప్పుమని ప్యాడ్‌ మీద పడింది. అలాంటి చప్పుడు తన చేతి నుంచి వస్తుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

చలికాలం వెళ్లేవేళకి అత్తగారు మళ్లీ తన్నడానికి సిద్ధమైంది. ఈసారి ప్యాడ్ కోడలి చేతుల్లో ఉంది. ఆవిడ మోకాలు లేచింది, పాదం సూటిగా వచ్చి తగిలింది. కోడలు ఓ అడుగు వెనక్కి తూలింది. అత్తగారూ తూలి పడిపోయింది. గడ్డం ఛాతీకి ఆనించి, పక్కకి దొర్లి, తనంతట తనే లేచి ప్యాంటు దులుపుకుంది.

"అబ్బ! ఎవరండీ ఆవిడ?" అంది కొత్తగా చేరినామె.

"మా అత్తయ్య," అంది కోడలు గర్వంగా.

"కబుర్లు తర్వాత," అంది అత్తగారు ఆయాసపడుతూ. "ప్యాడ్ ఎత్తు."