పదిహేడు అంగుళాలు

కాషిఫ్‌కు ఓపిక ఎక్కువని చెబితే చాలా? ఓపిక గాడిదకూ ఉంటుంది. పద్దెనిమిదేళ్ళుగా ఈ మట్టిని దువ్వుతున్నవాడికి ఉన్నది మరేమిటి? దాని గురించి జెడ్డా నుంచి ఎవరూ అడగలేదు. అబ్దుల్ ఖాదర్ వెడల్పాటి ఇనుప పళ్ళ రేక్‌ను తనవైపు లాగాడు, ఒక అడుగు వెనక్కి వేశాడు, మళ్ళీ లాగాడు. తన అడుగుల్ని తానే చెరుపుకుంటూ వెనక్కి నడవడం ఆ పనిలో పద్ధతి. గ్రౌండు తయారయ్యేసరికి అక్కడ ఎవరూ నడిచినట్టు ఉండకూడదు.

సౌదీలోని రాస్ తనూరాలో సముద్రానికి రెండు వీధుల ఇవతల, ఉద్యోగుల ఇళ్ళ మధ్య ఉన్న బేస్‌బాల్ గ్రౌండు అది. జనవరి పొద్దు. రాత్రి తేమకు ఎర్రమట్టి ముదురు రంగుకు తిరిగింది. దూరంగా రిఫైనరీ మంట పగటి వెలుగులో వెలిసిపోయి కనబడుతోంది. ఖాదర్‌కు యాభై ఐదేళ్ళు. సన్నటి మనిషి. కుడి భుజం ఎడమదానికన్నా రెండు వేళ్ళు కిందికి దిగి ఉంటుంది. గీతలు గీసే సున్నం పట్టి పట్టి గోళ్ళ చుట్టూ చర్మం పగిలి తెల్లబడింది.

నిన్న సాయంత్రం రాధాకృష్ణ సారు కారు ఆపి అద్దం దించాడు. ఆయన విజయవాడ వైపు మనిషి, ఇక్కడ ఇంజనీరు, పిల్లల ఆటల కమిటీకి పెద్ద. ఏటా ఖాదర్ కాంట్రాక్టు కాగితం మీద సంతకం పెట్టేదీ ఆయనే.

"ఖాదర్ గారూ, మన కాషిఫ్‌ని జెడ్డాలో ఒక స్కూలు వాళ్ళు హెడ్ కోచ్‌గా తీసుకుందామనుకుంటున్నారండి. రెండు రికమెండేషన్లు కావాలంట. ఒకటి నాది. రెండోది గ్రౌండులో అతనితో కనీసం ఐదేళ్ళు కలిసి పనిచేసినవాళ్ళది. అతను మీ పేరిచ్చాడు."

"నాకు ఇంగ్లీషు రాయను రాదు సార్."

"తెలుగులోనే వాయిస్ పెట్టండి. నేను ఇంగ్లీషులో రాసి పంపుతా. ఊరికే మంచోడు, కష్టపడతాడు అంటే వాళ్ళు ఒప్పుకోరు. మీ కళ్ళతో చూసిన ఒక్క సంఘటన చెప్పాలి. రేపు ఐదున్నర లోపు పెట్టేయండి. శుక్ర, శని వాళ్ళకి సెలవు, ఆదివారం పొద్దున్నే ఇంటర్వ్యూ."

అతను మీ పేరిచ్చాడు. ఆ ముక్క ఖాదర్ పంటి కింద ఇరుక్కుంది. నమ్మకంతో ఇచ్చాడా? వేరే దిక్కు లేక ఇచ్చాడా? లేక, ఖాదరన్న కాదని ఎట్లా అంటాడులే అన్న ధీమాతోనా? మూడోదైతే బాగుండునని ఖాదర్‌కు అనిపించింది. ధీమా ఉన్నవాణ్ణి ద్వేషించడం తేలిక.

కాషిఫ్‌కు ముప్పై నాలుగేళ్ళు. ప్రొద్దుటూరు. ఏసీలు బాగుచేసే కాంట్రాక్టరు దగ్గర మెకానిక్కు. డిగ్రీ చదివేటప్పుడు కాలేజీ జట్టుకు బేస్‌బాల్ ఆడాడట. ఆరేళ్ళ కిందట స్టోర్ రూములో ఏసీ చూడటానికి వచ్చి, గోడకు ఆనించిన బ్యాట్ల ముందు చెప్పులు విడిచినవాడిలా నిలబడిపోయాడు. "పిల్లోళ్ళతో ఒక పదినిమిషాలు ఆడుకోనా అన్నా?" అని అడిగాడు. ఆడుకోరా అన్నది ఖాదరే. ఆ పదినిమిషాలు ఆరేళ్ళు సాగాయి. రెండింటికి డ్యూటీ దిగడం, మూడింటికి గ్రౌండులో ఉండటం. ఎవరూ అతనికి జీతం ఇవ్వలేదు, అతను అడగనూ లేదు. ఇప్పుడు అతని కంపెనీ పని అయిపోయింది. గది ఈ రోజే ఖాళీ చేయాలి. స్కూలు తీసుకుంటే ఇఖామా, అంటే ఈ దేశంలో ఉండటానికి ఇచ్చే కార్డు, వాళ్ళ పేరు మీదికి మారుతుంది. తీసుకోకపోతే ఫైనల్ ఎగ్జిట్ కొట్టి ఇండియాకు పంపేస్తారు.

అంతకుముందు పదకొండేళ్ళు, పిల్లలు బ్యాటింగు నేర్చుకోవడానికి బంతులు విసిరింది ఖాదర్. రోజుకు రెండు వందల బంతులు. ఒక అమెరికన్ ఇంజనీరు పట్టు నేర్పించి వెళ్ళిపోయాడు. "ఖాదర్ అంకుల్ బాల్" అని పిల్లలు పేరు పెట్టుకున్నారు. నిదానంగా, నడుము ఎత్తులో, కొట్టమని వచ్చే బంతి. కాగితాల్లో అతను ఎప్పుడూ లేబరే. ఖాదర్ భుజం దెబ్బతిన్న ఏడాదే కాషిఫ్ వచ్చాడు. ఒకరోజు గేటు దగ్గర ఒక పిల్లవాడు ఖాదర్‌ను దాటి తల అటూ ఇటూ తిప్పి, "కాషిఫ్ సార్ ఎక్కడ?" అని అడిగాడు. వెతికే ఆ చూపు తన మీదుగా జారిపోవడం ఎలా ఉంటుందో ఖాదర్‌కు అప్పుడు తెలిసింది. లోపల ఏదో చల్లగా చేరింది. దానికి అతను పేరు పెట్టలేదు.

ఒకసారి మాత్రం దానికి చేతులు వచ్చాయి. రెండేళ్ళ కిందట, ప్రాక్టీసు ఆగిపోవాలని మట్టిని కావాలనే గొట్టంతో తడిపి తడిపి బురద చేశాడు. కాషిఫ్ వచ్చి చూసి, బూట్లు విప్పి, ఈ ఆటలో పరుగు చివర జారాలి, ఈ రోజు అది నేర్చుకుందామన్నాడు. పిల్లలు నడుముల దాకా బురద పూసుకుని కేకలు వేశారు. అంత సంతోషం ఆ గ్రౌండు ఎన్నడూ చూడలేదు. ఆ బురద ఆరి గట్టిపడ్డాక దాన్ని చదును చేయడానికి ఖాదర్‌కు రెండు రోజులు పట్టింది.

తొమ్మిదింటికి రాయచోటి నుంచి భార్య మాబున్నీ ఫోను చేసింది.

"పంపినారా?"

"ఇంగా లా."

"నాలుగు మాటలు చెప్పేదానికి ఏంది అంత ఆలోచన? నోట్లో ముత్యాలేమన్నా రాల్తాయా?"

"నీకు తెల్దులే."

"నాకెందుకు తెల్దు? పోయినసారి వచ్చినప్పుడు అన్నం తింటా తింటా ఆ పిల్లోని పేరు ఎన్నిసార్లు ఎత్తినారో నేను వింటానే ఉండా. అన్నిసార్లు నా పేరు ఎత్తింటే ఏనుగెక్కి ఊరేగుదును."

"తిట్టేదానికి ఎత్తింటా."

"తిట్టేదానికైనా పేరు పేరే కదప్పా."

ఖాదర్ నవ్వాడు. ఫోను పెట్టేశాక నవ్వు సగంలో ఆగింది.

స్టోర్ రూములో హెల్మెట్ల అర కింద కూర్చుని ఫోనులో మైకు గుర్తు మీద బొటనవేలు ఒత్తి పట్టుకున్నాడు. "సలాం సార్. కాషిఫ్ మంచోడు. టయానికొస్తాడు. సెలవు పెట్టడు..." వాచ్‌మన్‌ను పనిలో పెట్టినట్టుంది. వేలు ఎడమవైపుకు జరిపాడు. మాట చెరిగిపోయింది. రెండోసారి, ఉన్నది ఉన్నట్టు చెప్పాలి కదా అనుకుని, "పిల్లోళ్ళను శానాసేపు ఉంచుకుంటాడు సార్, ఆట రాని పిల్లోడు ఉంటే వానికి వచ్చేదాకా ఇంటికి పోడు" అన్నాడు. లోపం చెప్పబోతే అది పొగడ్త అయింది. మళ్ళీ ఎడమకు జరిపాడు. పొద్దున్నుంచి తను వెతుకుతున్నది సంఘటన కోసం కాదని, తప్పు కోసమని అప్పుడు అర్థమైంది. ఆరేళ్ళలో ఒక్క తప్పు కూడా దొరకని మనిషితో బతకడం ఎంత కష్టమో సంఘటనగా చెప్పవచ్చా?

సంఘటన ఉంది. ఒక్కటే ఉంది. దాన్ని తాకకుండా చుట్టూ తిరుగుతున్నాడు.

బేస్‌బాల్‌లో బంతి విసిరే పిల్లవాడు చిన్న మట్టిదిబ్బ మీద నిలబడతాడు. బ్యాటు పట్టినవాడి ముందు నేలలో ఐదు మూలల తెల్ల రబ్బరు పలక పాతి ఉంటుంది. రెండింటికీ మధ్య నలభై ఆరు అడుగులు ఉండాలి. దాన్ని పలక వెనక ఉన్న కోసు మూల నుంచి కొలవాలి. చాలాకాలం కిందట ఒక పెద్ద వానకు దిబ్బ కొట్టుకుపోతే మళ్ళీ కట్టింది ఖాదర్. కొలత కాగితం మీద బొమ్మ చూసి, టేపు కొసను పలక ముందు అంచుకు తగిలించాడు. దిబ్బ పదిహేడు అంగుళాలు వెనక్కి వెళ్ళింది. మూరకు ఒక్క అంగుళం తక్కువ. ఎనిమిదేళ్ళు పిల్లలు ఆ దూరం నుంచే విసిరారు. బయటి ఊళ్ళకు పోటీలకు వెళితే వాళ్ళ బంతులు ఎత్తుగా పోయేవి. కొత్త చోటు కదా, పిల్లలు బెదురుతున్నారని పెద్దవాళ్ళు అనుకునేవారు. ఖాదర్ కూడా అలాగే అనుకున్నాడు.

రాధాకృష్ణ సారు కూతురు భవిత అప్పట్లోనే ఆడింది. ఎడమచేతి పిల్ల. బంతి పలకకు కాస్త ముందు నేల తాకేది. అందరూ వెళ్ళాక కూడా విసిరేది. వల వెనక నిలబడి తండ్రి "ఇంకొంచెం తల్లీ, ఇంకొంచెం" అనేవాడు. మూడో ఏడు ఆ పిల్ల రావడం మానేసింది. "మా అమ్మాయికి చెయ్యి చాలదండీ, మా వంశంలోనే ఆటల్లేవు" అని సారు ఇప్పటికీ నవ్వుతూ చెబుతాడు. ఆ పిల్ల ఇప్పుడు మణిపాల్‌లో చదువుతోంది.

కాషిఫ్ వచ్చిన మూడోరోజే దిబ్బ మీద నిలబడి పలకవైపు చాలాసేపు చూశాడు. మర్నాడు శుక్రవారం పొద్దున్నే, ఎవరూ లేనప్పుడు, పార తీసుకుని వచ్చాడు. "అన్నా, మట్టి కుంగి దిబ్బ ఎనక్కి జరిగినట్టుంది. పిల్లోళ్ళు లెయ్యకముందే సరిచేద్దామా?" అన్నాడు. దిబ్బలు కుంగుతాయిగాని జరగవు. అది ఇద్దరికీ తెలుసు. కాషిఫ్ టేపు కొసను కోసు మూలకు పెట్టి, రెండో కొసను ఖాదర్ చేతికిచ్చాడు. ఇద్దరూ కలిసి తవ్వారు, తడిపారు, తొక్కారు. ఆ రోజు నుంచి ఖాదర్ ప్రతి గురువారం మూడుసార్లు కొలుస్తాడు. సారు చెయ్యి చాలదన్న మాట ఎత్తినప్పుడల్లా తనూ నవ్వుతాడు.

ఎవరో తప్పు కొలిచారని చెప్పవచ్చు. కానీ ఈ గ్రౌండులో ఎవరో అంటే ఖాదరే. ఏమీ పంపకపోనూవచ్చు. ఫోను చెడిపోయిందంటే ఎవరు కాదంటారు? కాషిఫ్ అయితే అసలు కాదనడు. ఆ సంగతే భరించలేనిది.

మూడింటి అసర్ నమాజు అయ్యాక పిల్లలు వచ్చారు. కాషిఫ్ కూడా వచ్చాడు. సంచులు అప్పటికే కాంట్రాక్టరు బండిలో వేసేశాడట. దమ్మాంలో ఏడింటికి జెడ్డా బస్సు. పలక వెనక ఒక నీలం బకెట్టు బోర్లించి, దాని మీద కూర్చుని, ఒక్కొక్క పిల్లవాడి బంతినీ చేతితొడుగుతో పట్టుకున్నాడు. బంతి ఎటు పోయినా "ఊఁ, ఇంగోటి" అనడమే. వెళుతున్నానని వాళ్ళకు చెప్పలేదు. ఖాదర్ తడి మట్టి మీద గొట్టం చుట్టుకుంటూ చూశాడు. అతని మోకాళ్ళు, చెమటకు అంటుకున్న చొక్కా, బంతి అందుకున్నప్పుడు చెయ్యి కాస్త వెనక్కి తీసుకోవడం. పిల్లవాడికి తన బంతి బలంగా వెళ్ళిందనిపించాలని అలా చేస్తాడు. తను అది కనిపెట్టడమే ఖాదర్‌కు ఒళ్ళు మండించింది. అంతగా చూడటం శత్రువుకూ ప్రేమికుడికీ మాత్రమే చేతనవుతుంది.

నాలుగున్నరకు రోడ్డు మీద బండి హారన్ కొట్టింది. కాషిఫ్ లేచి వచ్చాడు.

"పోయొస్తా అన్నా."

"రాత్రి బస్సులో చలి పెడ్తాది. దుప్పటి పెట్టుకున్నావా?"

"పెట్టుకున్యా. జెడ్డాలో బలద్ బజారు కాడ మనోడొకడు ఉండాడు, వాని రూములో పండుకుంటా రెండ్రోజులు." రికమెండేషన్ మాట ఎత్తలేదు. ఎత్తుతాడని ఖాదర్ చూశాడు. ఎత్తలేదు.

"కాషిఫూ. ఆ దిబ్బ సంగతి ఎవురికీ ఎందుకు చెప్పలా నువ్వు?"

"ఏ దిబ్బన్నా?"

"అదేరా. నువ్వొచ్చిన కొత్తల్లో. తవ్వి ముందుకు జరిపితిమే."

కాషిఫ్ కళ్ళు చిన్నవి చేసి దిబ్బవైపు చూశాడు. "అదా! మట్టి కుంగింటే సరిచేసినాంలే. దానికేముందన్నా, ఇప్పుడు గుర్తుకొచ్చింది నీకు?"

ఖాదర్ ఆ ముఖాన్ని వెతికాడు. ఎక్కడా ఒక ముడత కదల్లేదు. ఆరేళ్ళు తను మోసినదాన్ని ఇతను ఆ పొద్దే పారతోపాటు గోడకు ఆనించి వెళ్ళిపోయాడు. లేదా మరిచినట్టు ఇంత బాగా నటిస్తున్నాడు. రెండింటిలో ఏదైనా తనకు చేతకానిదే.

హారన్ మళ్ళీ మోగింది. "నాకోసరం దువా చెయ్యన్నా," అని కాషిఫ్ అతని కుడి భుజాన్ని తాకకుండా ఎడమవైపునుంచి కౌగిలించుకున్నాడు. నొప్పి ఎటుందో గుర్తుంది. బండి మలుపు తిరిగింది. పిల్లలు ఇంకా అరుస్తూనే ఉన్నారు. తల్లులు వచ్చి ఒక్కొక్కరినే తీసుకెళ్ళారు.

పొద్దుగుంకి మగ్రిబ్ అజాన్ ముగిసేసరికి గ్రౌండులో ఖాదర్ ఒక్కడే. ఫోనులో ఐదూ పదమూడు. బొటనవేలు మైకు గుర్తు మీద పెట్టి ఒత్తి పట్టుకున్నాడు.

"సార్, ఖాదర్‌ను. కాషిఫ్ సంగతి ఒకటి చెప్తా, నా కండ్లతో చూసిందే. ఈ గ్రౌండులో దిబ్బ ఎనిమిదేండ్లు తప్పు చోట ఉండె. పదిహేడు అంగుళాలు ఎనక్కి. కొలిచింది నేనే సార్. వాడు వచ్చిన మూడోనాడే కనిపెట్టినాడు. ఎవురికీ చెప్పలా. నన్ను తక్కువ చెయ్యకుండా నా చేతనే సరిచేయించినాడు. పిల్లోళ్ళతోనూ అంతే సార్ వాడు. తప్పు వాళ్ళదని తెలియనియ్యడు, సరిచేసింది వాళ్ళేనని మాత్రం తెలియనిస్తాడు."

ఆగాడు. తెర మీద సెకండ్లు నడుస్తున్నాయి. వేలు ఎడమకు ఒక్క అంగుళం జరిపితే చెరిగిపోతుంది, ఎత్తితే సారుకు వెళ్ళిపోతుంది.

"భవితమ్మకు చెయ్యి చాలక కాదు సార్. దూరం ఎక్కువుండె."

అసూయ ఎక్కడికైనా పోయిందా అని లోపల తడుముకున్నాడు. పోలేదు. ఉన్నచోటే ఉంది, చల్లగా. అది అలా ఉండగానే వేలు ఎత్తాడు.

పలక వెనక నీలం బకెట్టు బోర్లించినచోటే ఉంది. కూర్చున్న మనిషి బరువుకు దాని అంచు తడి మట్టిలో వేలెడు లోతు దిగి ఉంది.